మొలతాడు కట్టిన వయల్

ట్యాంకు మూత తీయగానే తెల్లటి పొగ అంచుల మీదుగా కిందికి జారింది. డాక్టర్ సుహాసిని మందపాటి గ్లౌజు తొడిగిన చేత్తో లోపలి అరను పైకి లాగింది.

పై గడి ఖాళీగా ఉంది.

"ఇస్మాయిల్! ఇందులోని కణాల వయల్ నువ్వు తీశావా?"

ల్యాబ్ టెక్నీషియన్ ఇస్మాయిల్ టీ గ్లాసుతో గుమ్మంలోనే ఆగిపోయాడు. "నేనెందుకు తీస్తా మేడమ్? అది ఆఖరిది గదా!"

"ఆఖరిది కాబట్టే అడుగుతున్నా. పొద్దున్నుంచి ఇక్కడికి ఎవరొచ్చారు?"

ఇస్మాయిల్ గ్లాసు కింద పెట్టాడు. "మాల్యాద్రి గారు. ఎప్పట్లాగే క్యాను నింపుకుంటానంటే తాళం ఇచ్చి టీకి పోయా."

సుహాసిని కళ్లు మూసుకుంది.

గుంటూరులోని ఆ చిన్న క్యాన్సర్ పరిశోధనశాలలో మాల్యాద్రిని ఎరగనివాళ్లు లేరు. అద్దంకి దగ్గర గుండ్లవారిపాలెం ఆయనది. గోపాలమిత్ర. ఎదకొచ్చిన ఆవులకు సూది వేయడం పని. మేలుజాతి గిత్తల వీర్యం నింపిన సన్నటి గొట్టాలను, ద్రవ నైట్రోజన్ పోసిన క్యానులో పెట్టి, బైకు వెనక కట్టుకుని ఊళ్లు తిరుగుతాడు. భార్య కోటేశ్వరి ఈ ల్యాబ్‌ను ఆనుకుని ఉన్న ఆసుపత్రిలోనే చనిపోయింది. ఆ తర్వాత కూడా ఆయన వస్తూనే ఉన్నాడు. వచ్చినప్పుడల్లా క్యాను నింపుకుని వెళ్తాడు. ఎవరూ అడ్డు చెప్పరు.

"ఫోన్ స్విచాఫ్ వస్తంది మేడమ్. పోలీసులకు చెబుదామా?"

"వాళ్లు ముందు ఏం చేస్తారో తెలుసా? క్యాను మూత తీసి, లోపలున్నదాన్ని చేతిలోకి తీసుకుని చూస్తారు. అది కరిగిందంటే అంతా అయిపోయినట్టే." సుహాసిని కారు తాళాలు అందుకుంది. "నువ్వు గాజుపలకలు సిద్ధం చెయ్. నేను వెళ్తా."

"దేని గురించి మేడమ్, నా ముక్క సంగతేనా?"

తలుపు దగ్గర నవోమి నిలబడి ఉంది. డిగ్రీ చదువుతూ యూనివర్సిటీ జట్టుకు కబడ్డీ ఆడే పిల్ల. ఎడమ కాలికి మోకాలి కింద కట్టు ఉంది. నిన్ననే అక్కడి గడ్డలోంచి చిన్న ముక్క తీశారు. అది ఇంక్యుబేటర్‌లో ఉంది. రేపటికల్లా దానికి తోడు దొరక్కపోతే చచ్చిపోతుంది. మళ్లీ ముక్క తీసేంత వ్యవధి లేదు. కోసి తీసేసిన గడ్డ ఇప్పటికి రెండుసార్లు తిరిగి వచ్చింది. ఈసారి కాలే తీసేయాలని సర్జన్ చెప్పేశాడు.

"నువ్వు హాస్టల్‌కి వెళ్లమ్మా."

"కాలు నాది, మేడమ్. నేనూ వస్తా."

కారు చిలకలూరిపేట దాటేదాకా నవోమి కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. తర్వాత నోరు తెరిచింది.

"నాకు అర్థమయ్యేటట్టు చెప్పండి. నా కాలు పోయి ఆవులకు సూదులేసే ఆయన క్యానులో ఎందుకుంది?"

సుహాసినికి నవ్వొచ్చింది. "నీకొచ్చిన చర్మపు సార్కోమా అనే క్యాన్సర్ ఏ లక్షలమందిలోనో ఒకరికి వస్తుంది. అంత అరుదైన జబ్బుకు ఏ మందు పనిచేస్తుందో ఎవరికీ సరిగ్గా తెలీదు. తెలియాలంటే నీ గడ్డలోని కణాల్ని బయట గాజుపలక మీద బతికించాలి. వాటి మీద ఒక్కో మందూ వేసి చూడాలి. కానీ బయటికి తీస్తే అవి బతకవు. ఒంట్లో ఉన్నంతసేపే వాటి పొగరు."

"సొంత కోర్టులోనే పులులన్నమాట."

"అంతే. ఎంతోమంది దగ్గర ముక్కలు తీసుకున్నాం, అన్నీ పోయాయి. ఒక్క కోటేశ్వరి గారివే బతికాయి."

ఎందుకు బతికాయన్నదే సుహాసినిని నిద్రపోనివ్వని ప్రశ్న అయింది. మైక్రోస్కోపు కింద కోటేశ్వరి క్యాన్సర్ కణాల మధ్య మరో రకం కణాలు కనిపించాయి. పల్చగా, పొడుగ్గా, చేతులు చాపినట్టుండేవి. ఒక్కో క్యాన్సర్ కణం చుట్టూ ముడుచుకుని పడుకునేవి. వాటిని ఏరేస్తే క్యాన్సర్ కణాలు తెల్లారేసరికి చచ్చేవి. తిరిగి కలిపితే బతికేవి. ఇంకొకరి గడ్డలోని కణాల్ని వాటి మీద వేసినా అంతే, నిలబడేవి. ల్యాబ్‌లో అందరూ ఆ పలకను 'ఒడి' అనడం మొదలుపెట్టారు.

పరీక్ష చేస్తే అవి మగ కణాలని తేలింది.

ఎవరి చర్మమో రాలి పలకలో పడిందనుకుంది. ముందు అనుమానం ఇస్మాయిల్ మీదే. అతను రోషంగా రక్తం ఇచ్చాడు, అతనివి కావు. మరోసారి లోతుగా చూస్తే వాటి జన్యువుల్లో సగం కోటేశ్వరివే. తల్లి కడుపులో ఉన్నప్పుడు బిడ్డ కణాలు కొన్ని ఆమె ఒంట్లోకి చేరి, ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోతాయి. అది డాక్టర్లందరికీ తెలిసిందే. సుహాసిని మాల్యాద్రిని పిలిపించింది.

"మాకు పిల్లల్లేరు మేడమ్," అన్నాడాయన వెంటనే. కాసేపు చేతిలోని హెల్మెట్ తిప్పుతూ కూర్చుని, మళ్లీ తనే చెప్పాడు. "ఒక కాన్పు పోయింది. ఏడో నెల్లో. ఆడోళ్లు గుడ్డలో చుట్టి తీసకపోయారు. మగో ఆడో అడక్కూడదన్నారు. అడిగితే మళ్లీ వస్తదంట, మళ్లీ పోతదంట. పేరు పెట్టని బిడ్డకు ఏడవకూడదన్నారు. కోటేశ్వరి కూడా అడగలా."

"అబ్బాయండీ."

మాల్యాద్రి తలెత్తి చూశాడు.

"ఉన్నాడా?"

ఆ క్షణంలో లేడని చెప్పాల్సింది. కొన్ని కణాలు మాత్రమేనని, బిడ్డ వేరు కణాలు వేరని వివరించాల్సింది. సుహాసిని అప్పుడు కనిపెట్టిన సంబరంలో ఉంది. "చూస్తారా?" అని మైక్రోస్కోపు వైపు కుర్చీ జరిపింది.

ఆయన ఒక కన్ను మూసుకుని వంగి చూశాడు. చూస్తూనే ఉన్నాడు. ఎక్కువసేపు వెలుతురు పడితే వాటికి మంచిది కాదని సుహాసిని లైటు ఆపేసేదాకా కదల్లేదు.

"మేడమ్, క్యాన్సర్‌ను పట్టుకుని ఉన్నయ్యి గదా అయ్యి. అంటే వాళ్లమ్మ జబ్బును మా వాడే పెంచాడా?"

సమాధానంగా సుహాసిని ఒక వీడియో చూపించింది. ఒడి పలక మీద సూదితో గీత గీస్తే, పక్కనున్న కణాలన్నీ ఆ చీలిక వైపు పాకాయి. పూడ్చేశాయి. "వీటి పని ఇదే. గాయం ఎక్కడుంటే అక్కడికి వెళ్తాయి. గాయానికీ క్యాన్సర్‌కూ తేడా వీటికి తెలీదు. అమ్మకు దెబ్బ తగిలిందనుకుని వెళ్లాయి."

అప్పుడు మొదటిసారి ఆయన ఏడ్చాడు.

అప్పట్నుంచీ నైట్రోజన్ కోసమని రావడం, వంగి చూడడం, వెళ్లడం. ఇటు ల్యాబ్‌లో ఇంకో కష్టం మొదలైంది. క్యాన్సర్ కణాలు ఎన్నిసార్లయినా రెట్టింపవుతాయి. మామూలు కణాలు అలా కాదు, కొన్ని తరాలకు ముసలివై ఆగిపోతాయి. ఒడి పలకలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. అవి పోతూ ఉంటే కోటేశ్వరి కణాలూ పోయాయి. మాల్యాద్రి తన చర్మం ముక్క ఇచ్చాడు. కోటేశ్వరి చెల్లెల్ని తీసుకొచ్చి ఆమె చేత ఇప్పించాడు. వేరే తల్లుల దగ్గరా తీసుకున్నారు. ఏవీ ఒడి కాలేకపోయాయి. మొదట్లో గడ్డకట్టించి దాచిన వయల్స్‌లో చివరికి ఒక్కటి మిగిలింది. కిందటి వారం దాన్ని నవోమి కోసం తీస్తానని సుహాసిని మాల్యాద్రికి చెప్పింది.

"ఏం మాట్లాడకుండా తలూపాడు," అంది ఇప్పుడు, స్టీరింగ్ మీద వేళ్లు బిగించి. "ఒప్పుకున్నాడనుకున్నా."

నవోమి ఆమె వైపు తిరిగింది. "ఆయన దొంగ కాదు మేడమ్," అంది.

"దొంగని నేనన్నానా?"

మాల్యాద్రి ఎక్కడికీ పారిపోలేదు. ఇంటి ముందు రేకుల పంచలో నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. కాళ్ల దగ్గర అల్యూమినియం క్యాను. దాని మూత మీద ఆయన చెయ్యి.

"వస్తారనుకున్నా. ఇంత తొందరగా అనుకోలా. కూకోండి మేడమ్, ఎండన పడొచ్చారు."

"మూత తీశారా?"

"నా పని నాకు తెలవదా? అక్కడ పెట్టినాక మళ్లీ తీయలా."

సుహాసిని గుండె కాస్త కుదుటపడింది. వెంటనే కోపమొచ్చింది. "నన్ను అడగొచ్చుగా మాల్యాద్రి గారూ!"

"అడిగితే ఇస్తారా?" ఆయన గొంతు పెరగలేదు. "అందరి బిడ్డలూ ఇంట్లో పెరుగుతారు. మావోడు ఒక్కసారన్నా ఈ గడప తొక్కాడా? వాళ్లమ్మ కడుపులో ఉండగా ఆసుపత్రికి బయల్దేరాడు, అంతే. ఇంటికి తెచ్చుకున్నా. తప్పా?"

సుహాసిని క్యాను పక్కన గొంతుక్కూర్చుంది.

"నేనొకటి అడుగుతా, నిజం చెప్పండి. మీ పలక మీద పోస్తే వాడు ఎన్నాళ్లుంటాడు?"

"కొన్ని వారాలు. ఆ తర్వాత ఉండడు. ఇంకో వయల్ లేదు."

"ఈ క్యానులో ఉంటే?"

అబద్ధం చెప్పవచ్చు. పల్లెటూరి క్యానులో పాడైపోతాడని బెదిరించవచ్చు. కానీ ఈ మనిషి జీవితమంతా ఆ క్యానుతోనే గడిచింది. "నైట్రోజన్ పోస్తున్నంతకాలం ఉంటాడు."

"మరింకేం," అని మాల్యాద్రి క్యానును మంచం కిందికి జరిపాడు. "ఆ పిల్లెవరో, డాక్టరే గాబోలు, ఆమెకు మంచినీళ్లు ఇస్తా ఉండండి."

"డాక్టర్ని కాదు బాబాయ్. కబడ్డీ ఆడతా," అంది నవోమి, కుంటుతూ వచ్చి మంచం చివర కూర్చుని. "మీవాడి పక్కన పెట్టాల్సిన ముక్క నాదే."

మాల్యాద్రి చూపు ఆమె కాలి కట్టు మీద పడింది. అక్కడే ఆగి, తర్వాత నేల మీదికి జారింది. నీళ్ల కోసం లేచినవాడు లేచినట్టే నిలబడ్డాడు.

"ఆడపిల్లవు, రెయిడింగా? డిఫెన్సా?"

"రెయిడింగే. ఈ కాలితోనే బోనస్ లైను తొక్కేది." నవోమి బతిమాలలేదు. ఏం మాట్లాడాలో తెలియక క్యాను వైపు చూసింది. "ఇందులో మీవాడొక్కడేనా, ఇంకెవరన్నా ఉన్నారా?"

ఆయనకు ప్రాణం లేచొచ్చింది. తన పని గురించి అడిగితే ఏ మనిషికైనా అంతే. "వీరభద్రుడున్నాడు. ఒంగోలు గిత్త. బండలాగుడు పందెంలో దిగాడంటే జనం గోడలెక్కి చూసేవాళ్లు. చచ్చిపోయి ఏళ్లయింది. మొన్నటికి మొన్న పక్కూళ్లో వాడికి కోడెదూడ పుట్టింది. అచ్చం అదే మూపురం, అదే ఠీవి!"

"చచ్చిపోయిన గిత్తకా!" నవోమి నిజంగానే ఆశ్చర్యపోయింది. "అంత గొప్ప గిత్తను అడిగినోళ్లందరికీ ఇచ్చేస్తారా? అయిపోదా? నేనైతే దాచుకుంటా."

"పిచ్చిపిల్లా! దాచుకుంటే దూడలెట్టా పుడతయ్యి? క్యానులో ఉన్నంతసేపు అది గిత్తా కాదు, దూడా కాదు. ఉత్త మంచు. కరిగిస్తేనే గదా దానికి..."

మాల్యాద్రి ఆగిపోయాడు.

పక్క పాకలో గేదె తోకతో ఈగలు తోలుకుంటున్న చప్పుడు వినిపించింది. నవోమికి తనేం అందో ఆలస్యంగా అర్థమైంది. "బాబాయ్, నేను దానికోసం అడగలా..." అంది కంగారుగా.

"తెలుసులేమ్మా."

ఆయన మంచం కింద నుంచి క్యాను బయటికి లాగాడు. పొడుగాటి పట్టకారు తీసుకుని మూత ఎత్తాడు. పొగ లేచింది. క్యాను మెడ దాటనివ్వకుండా, చూసుకోవడానికి సరిపడా మాత్రం పైకి లాగి సుహాసినికి చూపించాడు. చిన్న ప్లాస్టిక్ వయల్. దాని మెడకు నల్లటి దారం చుట్టి, ముడివేసి, కొస పైకి వదిలి ఉంది.

"గొట్టాలు పెట్టే గడిలో ఇది పట్టలా. వేలాడదీద్దామని కట్టా," అన్నాడు. వెంటనే లోపలికి దించి మూత పెట్టాడు. కాసేపటికి, ఎవరూ అడక్కుండానే, "మొలతాడు. మగపిల్లోడికి కట్టేదే. కిందటి వారమే అద్దంకిలో కొన్నా," అన్నాడు.

తిరుగు ప్రయాణంలో క్యానును డిక్కీలో పెట్టనివ్వలేదు. మూత మీద తడి తువ్వాలు కూడా వేయనివ్వలేదు. ఆ పొగ బయటికి పోవాలని కిటికీ అద్దాలు దించమని చెప్పి, క్యానును వెనక సీట్లో రెండు మోకాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. గతుకు వచ్చినప్పుడల్లా రెండు చేతులూ దాని చుట్టూ వేసేవాడు.

"పేరేంటి బాబాయ్?" అని అడిగింది నవోమి, పక్కనే కూర్చుని.

"పెట్టలేదమ్మా."

కారు గుంటూరులో నేరుగా ల్యాబ్ ముందే ఆగింది.

ఇస్మాయిల్ అన్నీ సిద్ధంగా ఉంచాడు. సుహాసిని దారాన్ని కత్తెరతో కత్తిరించి ట్రేలో పెట్టింది. వయల్‌ను గోరువెచ్చటి నీళ్లలో ముంచి మెల్లగా తిప్పింది.

"మేమూ ఇట్టాగే కరిగిస్తాం," అన్నాడు మాల్యాద్రి అద్దం తలుపు అవతలి నుంచి. ఆయన ఊపిరికి అద్దం మసకబారింది. "ఎక్కువసేపు వద్దు మేడమ్."

లోపలి మంచు గింజంత అయింది. కరిగిపోయింది. సుహాసిని ఆ చుక్కను పలక మీదికి వదిలింది.

మర్నాడు ఉదయం చూస్తే కణాలు పలకకు అతుక్కుని చేతులు చాపి ఉన్నాయి. నవోమి ముక్కలోని కణాల్ని వాటి మీద వేశారు. ఒక రోజు ఏమీ జరగలేదు. ఇస్మాయిల్ అన్నం తినడం మానేసి ఇంక్యుబేటర్ ముందు స్టూలు వేసుకున్నాడు. ఆ తర్వాత ఒక పొడుగాటి కణం కదిలింది. పక్కనున్న కొత్త కణం దగ్గరికి పాకి, దాని చుట్టూ ముడుచుకుంది. ఇంకొకటి కదిలింది. సాయంత్రానికి నవోమి కణాలన్నీ ఒడిలో ఉన్నాయి.

"బతికినయ్యి మేడమ్!" అని ఇస్మాయిల్ అరిచిన అరుపు ఆసుపత్రి వరండా దాకా వినిపించింది.

ఆ కణాల్లో కొన్నిటిని చిన్న పలకల్లోకి పంచి ఒక్కో మందూ వేసి చూశారు. మొదటి రెండింటికీ ఆ గడ్డ కణాలు చలించలేదు. మూడోది తగలగానే ముడుచుకుపోయాయి. వేరే ఏదో జబ్బుకు వాడే పాత మాత్ర అది, ఈ జబ్బుకు వాడాలని ఎవరికీ తోచలేదు. సర్జన్ సందేహిస్తూనే ఆపరేషన్ వాయిదా వేశాడు. నవోమి మాత్రలు మొదలుపెట్టింది. గడ్డ పెరగడం ఆగింది. తర్వాత తగ్గడం మొదలైంది.

ఈలోగా ఒడి కణాలు ముసలివయ్యాయి. చేతులు వెడల్పయి, చలనం మందగించి, ఒకదాని తర్వాత ఒకటి పలకను వదిలేస్తున్నాయి. సుహాసిని మాల్యాద్రికి ఫోన్ చేసింది.

"ఒకసారి వస్తారా?"

ఆయన ఎందుకని అడగలేదు.

ఈసారి క్యాను తేలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. బస్టాండు నుంచి నవోమి తీసుకొచ్చింది. కాలికి కట్టు లేదు, మచ్చ మాత్రం ఉంది. వరండాలోనే ఆగి, "మీరెళ్లండి బాబాయ్," అంది.

సుహాసిని ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టింది. "ఒక విషయం చెప్పాలి. మీవాడి కణాలు బతికినన్నాళ్లూ పలక మీద సన్నటి పోగులతో ఒక పరుపులాంటిది అల్లారు. మాకు ఇంతకాలం కనపడలేదు. ఎందుకంటే ఒడి పోతుందనగానే ఆ పలక కడిగేసి కొత్తది వేసేవాళ్లం. ఈసారి కొత్తది వేయడానికి ఏమీ లేదు కాబట్టి ఉంచేశాం. ఒక మూలలో మీవాడి కణాలు ఎప్పుడో పోయాయి. అయినా నవోమి కణాలు అక్కడే ఉన్నాయి. ఆ పరుపు మీద, వాటంతట అవే బతుకుతున్నాయి. వాటిని ఇక ఎన్నాళ్లయినా పెంచొచ్చు, ఎవరికైనా పంపొచ్చు. నిన్న కర్నూలు నుంచి ఇంకొకాయన ముక్క వచ్చింది. దాన్నీ ఆ పరుపు మీదే వేశాం. నిలబడింది."

మాల్యాద్రి విన్నాడు. "దూడ పుట్టిందన్నమాట," అన్నాడు మెల్లగా.

"పుట్టింది."

"వాడు?"

"కొన్ని ఉన్నాయి. ఇవాళో రేపో." సుహాసిని మైక్రోస్కోపు లైటు వేసింది. "ఈసారి నేను ఆపను. ఎంతసేపు కావాలంటే అంతసేపు చూడండి."

ఆమె వెనక్కి తిరిగి కిటికీ దగ్గర నిలబడింది. మాల్యాద్రి ఆ రోజు ట్రేలోంచి తీసుకెళ్లిన నల్లదారాన్ని జేబులోంచి తీసి, అరచేతిలో పెట్టుకుని, మైక్రోస్కోపు మీదికి వంగాడు. పలక మధ్యలో నాలుగైదు పొడుగాటి కణాలు. ఒకటి ఇంకా మెల్లగా కదులుతోంది. ఎక్కడో ఏదో గాయముందని, అక్కడికి చేరుకోవాలని.

ఆయన పెదవులు కదిలాయి. బారసాల నాడు తండ్రి బిడ్డ చెవిలో చెప్పే పద్ధతిలో, మూడుసార్లు. ఆ పేరు సుహాసినికి వినపడలేదు. అడగాలనీ అనిపించలేదు.

తర్వాత చాలాసేపు ఆయన కదల్లేదు. ఎండ కిటికీ చట్రం మీద నుంచి బల్ల మీదికి వచ్చింది. పక్క గదిలో ఇస్మాయిల్ ఏదో కడుగుతున్న చప్పుడు ఆగిపోయింది.

క్లిక్‌మన్న శబ్దానికి సుహాసిని తిరిగి చూసింది. లైటు ఆరిపోయి ఉంది. మాల్యాద్రి చెయ్యి ఇంకా స్విచ్చి మీదే ఉంది.

"చాలు మేడమ్," అన్నాడు. "వెలుతురుంటే నిద్ర పట్టదు వాడికి."